పూర్తిగానా, కొంతేనా

మా అత్తగారికి నలభై ఒక్క మంగళహారతులు వచ్చు. అక్షరాలు రావు. శ్రీకాకుళం దగ్గర పల్లెలో మేనత్త పక్కన కూర్చుని నేర్చుకున్న పాటలవి. పదహారేళ్లకి మామగారి వెంట రైల్వే క్వార్టర్స్‌కి కాపురానికి వచ్చినప్పుడు ఒక ట్రంకు పెట్టెతో పాటు వాటినీ తెచ్చుకున్నారు. తర్వాత తర్వాత ఆ పల్లెలో పాడేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను కోడలిగా వచ్చేసరికి ఆ పాటలు మిగిలి ఉన్నది ఒక్క చోటే. రాయపూర్‌లో, మా వరండాలో, చేటలో బియ్యం ఏరుతూ కూర్చునే ఒక మనిషి గొంతులో.

ఈ ఊరు కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన మరుసటేడు నాకు పెళ్లయింది. నేను బడికి వెళ్లినదాన్ని కాను. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండెకి అలుపు పనికిరాదని డాక్టరు చెప్పడంతో మా నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. డ్యూటీ దిగి, స్నానం చేసి, దీపం ముందు కూర్చోబెట్టి, పనికిరాని రైల్వే ఫారాల వెనకవైపున తెలుగూ, లెక్కలూ, కాస్త ఇంగ్లీషూ రాయించేవారు. దేనికీ తొందరపడకుండా ఒక్కదాన్నే కూర్చుని నేర్చుకోవడం అలా అబ్బింది. ఆ జ్వరానికి కూడా నేను దండం పెట్టుకుంటూ ఉంటాను.

మా వారికి ఊరి బయట సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. అక్కడ పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి అడిగి ఇంటికి తెచ్చారు. దాన్ని తుడవడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ వైపు నల్లటి దుమ్ము ఎంత సన్నగా ఉంటుందో ఆయన చొక్కా కాలర్లు ఉతికే నాకు తెలుసు. మా అత్తగారు దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, "ఇప్పుడు ఆడించు" అన్నారు.

ఇంటర్నెట్ వచ్చాక ఆ డబ్బాలో తెలుగు అక్షరాలు చూసిన రోజు నాకు బాగా గుర్తు. ముందు అన్నీ ఖాళీ చతురస్రాలు కనిపించాయి. మా వారు ఆఫీసులో ఎవరినో అడిగి ఏదో ఫాంటు వేశారు. అంతే, చతురస్రాలున్న చోటల్లా తెలుగు విచ్చుకుంది. "amma" అని కొడితే "అమ్మ" అని పడింది. నాన్నగారు నేర్పిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఇందుకు పనికొస్తాయని ఎవరనుకున్నారు!

అప్పట్లో తెలుగువాళ్లు బ్లాగులు రాసుకుంటున్నారు. వంటలు, కబుర్లు, దెబ్బలాటలు, అన్నీ ఉండేవి. నాకు చెప్పడానికి కబుర్లేం లేవు, అత్తగారి పాటలున్నాయి. ఒక చిన్న సంస్థ ఉచితంగా చోటిస్తోందని తెలిసి అక్కడ ఒక పేజీ తెరిచాను. బస్టాండు దగ్గర కొన్న ఒక పల్చటి హిందీ పుస్తకం ముందు పెట్టుకుని దాని లోపలి సంగతులు నేర్చుకున్నాను. అందులో కోణపు గుర్తుల మధ్య ఒక మాట రాసి తెరిస్తే, పని అయ్యాక అదే మాటతో మళ్లీ మూయాలి. ఒకసారి అక్షరాలు లావు చేసే గుర్తు తెరిచి మూయడం మరిచిపోయాను. అక్కడి నుంచి పేజీ చివరిదాకా అక్షరాలన్నీ లావెక్కి కూర్చున్నాయి. కుంకుమ భరిణె మూత పెట్టకపోతే పూజ గదంతా ఎర్రనవ్వడం మా ఇంట్లో మామూలే కాబట్టి నాకు ఆ పాఠం తొందరగానే పట్టింది.

ఇంకో సంగతి అర్థం కావడానికే చాలా రోజులు పట్టింది. మనం చూసే పేజీ అక్కడ పేజీగా ఉండదట. పాట ఒక చోట వట్టి మాటలుగా ఉంటుంది. రంగులూ అంచులూ పై పేరూ ఇంకోచోట ఉంటాయి. ఎవరైనా అడిగినప్పుడు ఆ రెండూ కలిపి అప్పటికప్పుడు పేజీ తయారుచేసి పంపుతారు. జంతికల గొట్టంలో పిండి ఒకటే, బిళ్ల మారిస్తే ఆకారం మారుతుంది. అలా అనుకున్నాక నాకు భయం పోయింది. పండక్కో బిళ్ల మార్చేదాన్ని.

"ఏటే, నా పాట ఈ డబ్బాలో ఎక్కడుంటాది?" అని అత్తగారు అడిగారు.

"ఇందులో ఉండదత్తయ్యా. ఎక్కడో దూరంగా పెద్ద యంత్రంలో ఉంటుంది. ఎవరడిగితే వాళ్లకి పంపుతుంది."

"అడిగినోళ్లందరికీనా? కాళ్లు కడుక్కుని అడుగుతారో నేదో!"

మా వారు టీ తాగుతూ అందుకున్నారు. "అమ్మా, పాస్‌వర్డ్ పెట్టమంటావా?"

"అదేట్రా?"

"తాళం."

"ఆరతికి తాళమేట్రా, బుద్ధినేనోడా!"

అలా తాళం లేకుండానే మొదలైంది. శుక్రవారానికి ఒక పాట. అత్తగారు బియ్యం ఏరుతూ చెబుతుంటే క్యాలెండరు కాగితాల వెనక రాసుకునేదాన్ని. చెప్పడమంటే ఆవిడకి పాడడమే. మాటలు విడిగా చెప్పమంటే వచ్చేవి కావు, మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవలసిందే. మధ్యలో ఆపితే, "ఆరతి పళ్లెం సగంలో దింపకూడదే, ఉండు" అని చివరిదాకా పాడి, అప్పుడు నా అనుమానం తీర్చేవారు.

రాసిన కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించాక ఒక సంచిలో వేసేదాన్ని. అమ్మవారి పేరున్న కాగితాన్ని చెత్తలో వెయ్యలేం కదా. సంచి నిండినప్పుడల్లా మా వారు స్కూటరు మీద మహాదేవ్ ఘాట్‌కి వెళ్లి ఖారున్ నదిలో కలిపి వచ్చేవారు. నేనే పంపేదాన్ని. నీళ్లలో కలిపినందుకు తృప్తిగా కూడా ఉండేది.

కొన్నాళ్లకి ఒక చదువరి సలహా రాశారు. మన బ్లాగులో కొత్తది పెట్టగానే అది కావాలన్నవాళ్లకి మెయిల్లో వెళ్లే ఏర్పాటు ఒకటుంది. దాన్ని ఫీడ్ అంటారు. బిళ్ల లేకుండా పిండి మాత్రమే వెళ్తుందన్నమాట. అందులో ఒక ప్రశ్న ఉంటుంది: పూర్తిగా పంపాలా, కొంతే పంపాలా? కొంతే పంపండి, మిగతాది చదవడానికి మీ పేజీకే రావాలి, అప్పుడు పేజీ కింద వచ్చినవాళ్లని లెక్కపెట్టే గడి ముందుకు కదులుతుంది అని ఆ సలహా. ఆయన మంచికే చెప్పారు. అందరూ అలాగే చేసేవారట.

నేను పూర్తిగా అన్నదాని పక్కనే చుక్క పెట్టాను.

"అరే, ఎందుకు?" అన్నారు మా వారు. "లోగ్ ఆయేంగే హీ నహీ, ఎవరూ రారు నీ పేజీకి. కౌంటర్ అక్కడే ఉండిపోతుంది."

"ప్రసాదం గుమ్మంలో సగం పెట్టి, మిగతా సగానికి లోపలికి రమ్మంటామా ఏమండీ?"

"బస్, నీ ఇష్టం" అని ఆయన నవ్వేసి వెళ్లిపోయారు. కౌంటరు నిజంగానే అక్కడే ఉండిపోయింది. వారానికి ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. నాకు అది చాలనిపించేది.

మధ్యలో కొన్ని శుక్రవారాలు తప్పి, నలభై ఒక్కటీ అయ్యేసరికి ఏడాది దాటింది. ఆ తర్వాత కూడా అత్తగారికి ఎప్పుడైనా మరిచిపోయిన మాట గుర్తొచ్చేది, ఒకసారి ఒక చరణమే గుర్తొచ్చింది. వెంటనే వెళ్లి పాత పాటలో సరిచేసేదాన్ని. కాగితం మీద కొట్టివేత కనబడుతుంది, ఇక్కడ కనబడదు. మొదటినుంచీ అలాగే ఉన్నట్టు ఉంటుంది. అది నాకు ఎంతో నచ్చేది. పాటల మూటని ఒక్క మీటతో ఫైలుగా దించుకోవచ్చని ఒక మూల రాసి ఉండేది. అప్పటికే ఇంట్లో కంప్యూటరు ఒకసారి పాడై వంట చిట్కాలన్నీ పోయాయి. ఇంట్లో ఉన్నది పోతుంది గానీ అంత దూరాన ఉన్నది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఆ మీట ఎప్పుడూ నొక్కలేదు.

తర్వాత కొన్నేళ్లకి మా మామగారు పోయారు. పెద్దకర్మ అయ్యాక ఇంట్లో రోజూ దీపం పెట్టుకున్నాం కానీ ఏడాదిపాటు పండగల్లేవు, హారతుల్లేవు. బ్లాగు నాకు హారతి పళ్లెంతో సమానం. అందుకని దాన్నీ ఆ ఏడాది ముట్టుకోకూడదనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నాకే అలా తోచింది. ఆ బ్లాగు కోసమే తెరిచిన మెయిలు ఒకటుండేది, దాన్నీ తెరవలేదు.

అత్తగారు పాడడం మానేశారు. పాడితే ఎవరైనా ఏమైనా అంటారని కాదు. మంగళహారతి పునిస్త్రీలు పాడేదని ఆవిడ మనసులో ఉంది. ఒకరోజు తనే అన్నారు, చేటలోంచి తలెత్తకుండా. "నా నోట నేకపోతే ఏటి? ఆ పాటలన్నీ నువ్వు దాసీసావు కదే. అవుంటే సాలు."

"ఉన్నాయత్తయ్యా" అన్నాను.

సంవత్సరీకం అయిపోయింది. ఆ వచ్చిన శుక్రవారం తలస్నానం చేసి, దీపం పెట్టి, కంప్యూటరుకి కొత్తగా బొట్టు పెట్టి కూర్చున్నాను. పేజీ రాలేదు. అటువంటి చిరునామా లేదని వచ్చింది. తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. మా వారిని పిలిచాను. ఆయన కూడా కొట్టి చూసి, "మెయిల్ ఖోల్" అన్నారు.

మెయిల్లో మూడు ఉత్తరాలున్నాయి. మేము ఈ సేవ ఆపేస్తున్నాం, తొంభై రోజుల్లో మీ రాతలు దించుకోండి అని ఒకటి. ముప్పై రోజులని ఇంకోటి. ఏడు రోజులని ఆఖరిది. అదొచ్చి కూడా అయిదు నెలలైంది. వాళ్లని అనడానికేం లేదు. పాపం, మూడుసార్లు తలుపు తట్టారు. లోపలున్నదాన్ని నేనే పలకలేదు.

"అరే యార్, ఒక్కసారి దేఖ్ లేతీ తో, చూసుంటే..." అని మొదలుపెట్టి మా వారు నా మొహం చూసి ఆపేశారు. మెల్లగా, "టెన్షన్ తీసుకోకు. అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకు" అన్నారు.

ఆ రోజు వంట ఏం చేశానో గుర్తులేదు. అత్తగారిని మళ్లీ పాడమని అడగలేను. అడిగితే నా కోసం పాడతారేమో గానీ, చేయకూడని పని చేశానని ఆవిడ తర్వాత ఎన్నాళ్లు బాధపడతారో నాకు తెలుసు. కాగితాలా, నదిలో ఉన్నాయి. నాకు వచ్చినవి పల్లవులు, ఒకటి రెండు చరణాలు. రాసిపెట్టుకున్నామన్న ధీమాలో నేను కంఠతా పట్టలేదు. రాతలేని ఆవిడ యాభై ఏళ్లు మోసిన పాటల్ని, రాత వచ్చిన నేను కొన్నేళ్లు కూడా నిలపలేకపోయాను.

మా వారు ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతన్ని అడిగారు. పాత పేజీల నకళ్లు తీసి దాచే చోట్లు ఇంటర్నెట్లో ఉంటాయట. అక్కడ వెతికితే మా పేజీ నకలు ఒకటి దొరికింది. పైన పేరుంది, చుట్టూ తామరపూల అంచుంది, పాటల పేర్ల వరుస ఉంది. పేరు మీద నొక్కితే లోపల ఏమీ లేదు. బిళ్లలు మిగిలాయి, పిండి లేదు.

దేవుడి ముందు కూర్చున్నాను. ఫలానాది చెయ్యమని అడగడం నాకు అలవాటు లేదు, ఇచ్చినవాటికి దండం పెట్టుకోవడమే తెలుసు. అందుకని అదే చేశాను. జ్వరానికి, నాన్నగారి ఫారాలకి, ఫాంటుకి, హిందీ పుస్తకానికి, వారానికి ఇద్దరో ముగ్గురో వచ్చే చదువరులకి. చదువరుల దగ్గరికి వచ్చేసరికి గుర్తొచ్చింది. ఎవరైనా వ్యాఖ్య రాస్తే ఆ సంగతి నాకు మెయిల్లో వచ్చేది, వాళ్ల చిరునామాతో సహా. పేజీ పోయింది గానీ ఆ మెయిళ్లు పోలేదు.

వెతికి చూస్తే పద్నాలుగు చిరునామాలు తేలాయి. అందరికీ విడివిడిగా రాశాను. మీ దగ్గర ఒక్క పాట ఎత్తి రాసుకున్నది ఉన్నా పంపండి అని. కొన్ని ఉత్తరాలు తిరిగి వచ్చేశాయి. కొందరు జాలిపడి రాశారు. సలహా ఇచ్చిన ఆయన, "మీరు పూర్తిగా పంపేవారు కాబట్టి నేను చదివి తీసేసేవాణ్ణి, అయ్యో" అన్నారు. తొమ్మిది రోజులు గడిచాయి. అత్తగారు ఒకసారి నా వైపు చూసి, "ఒంట్లో బానేదేటి?" అని అడిగారు. పని ఎక్కువైందన్నాను. ఆ ఇంట్లో నేనాడిన అబద్ధాల్లో అదొకటి.

పదో రోజున ఖరగ్‌పూర్ నుంచి ఒకావిడ జవాబు రాశారు. ఆవిడదీ రైల్వే కుటుంబమే. అంతకు ముందు నాకు ఒక్కసారే రాశారు, పాటలు మెయిలుకి రావాలంటే ఏం చెయ్యాలని. "అమ్మా, మీ పేజీకి నేను మళ్లీ ఎప్పుడూ రాలేదు, ఏమీ అనుకోకండి. పాట మొత్తం మెయిల్లోనే వచ్చేది కదా, రావలసిన పని పడలేదు. దేవుడి పాట తీసెయ్యడానికి చెయ్యి రాక అన్నీ అలాగే ఉంచాను. లెక్కపెడితే నలభై ఒకటి ఉన్నాయి. పంపనా?"

పంపనా అని అడిగారు! నేను ఆ ఉత్తరాన్ని కళ్లకద్దుకుందామని చూస్తే తెర అద్దం అడ్డొచ్చింది. చేత్తో తాకి కళ్లకద్దుకున్నాను. ఆవిడకి ఒక్కసారిగా కట్టగట్టి పంపడం తెలియదు. మూడు రోజులపాటు వంట మధ్యలో, పూజ తర్వాత, వీలున్నప్పుడల్లా ఒక్కో పాట పంపారు. వచ్చినప్పుడల్లా ఆ డబ్బా చిన్నగా మోగేది.

ఇక అత్తగారికి చెప్పాల్సింది నిజమే. వరండాలో ఆవిడ పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పాను. చేట కదపడం ఆపి విన్నారు.

"మైలని ఎవులు సెప్పారే నీకు? నానన్నానా?"

"లేదత్తయ్యా. నేనే అనుకున్నాను."

"నీకు నువ్వే అనుకుని మూసీసావు. అవ్వ!"

మరి మిమ్మల్ని పాడొద్దని ఎవరన్నారని నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. "ఇవి చదువుతాను, తప్పులుంటే చెప్పండి చాలు. మీరు పాడక్కర్లేదు" అన్నాను. మా వారు ప్రింటు తీసి తెచ్చిన కాగితాలు ఒళ్లో పెట్టుకుని రోజుకి నాలుగైదు చొప్పున చదివాను. ఆవిడ వింటూ తలూపేవారు. ఎక్కడైనా మాట తేడా ఉంటే సరిచేసి, "ఊఁ, అంతే" అనేవారు.

చివరి రోజున శుక్రవారం హారతి మిగిలింది. అమ్మవారి పాదాల దగ్గర మొదలై మోము దాకా దీపం తిరిగే పాట. మూడో చరణం చదివి కాగితం తిప్పాను. వెనక ఏమీ లేదు.

"ఆపీసావేటి?"

అప్పుడు తెలిసింది. నాలుగో చరణం అత్తగారికి చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది. నేను వెళ్లి పాత పాటలో చేర్చాను. మెయిలు మాత్రం పాట మొదటిసారి పెట్టినప్పుడే వెళ్లిపోయింది. తర్వాత చేర్చింది దాని వెనకాల వెళ్లలేదు. పూర్తిగా పంపాననుకున్న నేను ఆ ఒక్కదాన్నీ సగమే పంపాను.

"ఇంతే ఉందత్తయ్యా. ఆఖరి చరణం రాలేదు."

"పాడినోళ్లూ ఇన్నోళ్లూ సల్లగుండాలన్న సరణమే రానేదా?"

"లేదు."

అత్తగారు చేటని ఒకసారి చెరిగారు. రాళ్లు ఒక పక్కకి చేరాయి. వీధిలో ఆటో ఒకటి వెళ్లింది. నేను కాగితాలు సర్దుకుంటూ లేవబోయాను.

"కూకో" అన్నారు. "ఆరతి సగంలో దింపీసి నెగిసిపోతావేటే?"

కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. బియ్యం వైపు చూస్తూ, చాలా తక్కువ గొంతుతో, మొదటినుంచి ఎత్తుకున్నారు. ఆవిడకి మరోలా రాదు కదా. ఏడాది పైగా వాడని గొంతు మొదటి చరణంలో గీరుకుంది, రెండో చరణంలో సర్దుకుంది. మూడోది నేను కాగితంలో చూసుకుంటూ కలిపాను. నాలుగోదాంట్లో నా కలం పరిగెత్తింది. పాట అయ్యాక ఆవిడ రెండు చేతులూ దీపం మీద పెట్టినట్టు గాలిలోనే పెట్టి కళ్లకద్దుకున్నారు.

"రాసీసావా?"

"రాశానత్తయ్యా."

"నాను పాడనేదు. సెప్పినానంతే."

"అంతేనత్తయ్యా."

ఇప్పుడు ఆ పాటలు వేరే చోట కొత్త పేజీలో ఉన్నాయి. ఏకాదశి ఏకాదశికి ఆ దించుకునే మీట నొక్కుతాను. ఒక నకలు మా వారి దగ్గర ఉంటుంది, ఒకటి పుస్తకంగా కుట్టి దేవుడి గూట్లో పెట్టాను. దాన్ని నీళ్లలో కలపను. ఆ తర్వాత కూడా అత్తగారు అప్పుడప్పుడూ నాకు "చెబుతూ" వచ్చారు, నేను కంఠతా పట్టేదాకా. ఇంట్లో ఎవరం దాన్ని పాట అనలేదు.

ఆ రోజు సాయంత్రం మాత్రం ముందుగా ఖరగ్‌పూర్ ఆవిడకి ఆ నాలుగో చరణం పంపాను. ఇన్నేళ్లూ మీకు ఇది బాకీ పడ్డాను, మన్నించండి అని రాసి. అత్తగారు నా భుజం మీదుగా తెర వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఎల్లిందా?"

"వెళ్లిందత్తయ్యా."

"పూర్తిగా?"

"పూర్తిగా" అన్నాను.